రెండు అంగీల చీటీ

మా ప్రార్థన ఇంట్లో వాక్యం నుంచి పాఠం తీసుకోవడం రానివాడు ఒక్కడూ లేడు. కాకపోతే ఎవరైనా సరే పక్కింటివాళ్ల కోసమే తీసుకునేవారు. ఉపదేశి అయ్యగారు కోపం గురించి చెబితే మొగుళ్లు పెళ్లాల వైపు చూసేవారు, పెళ్లాలు అత్తల వైపు చూసేవారు, అత్తలు పైకప్పు వైపు చూసేవారు. సోమరితనం గురించి చెప్పిన రోజు మాత్రం అందరూ ఒక్క మాట మీద నా వైపు చూసేవారు. మా సంఘంలో ఐకమత్యం లేదని సూర్యాపేట మిషన్ దొర బాధపడుతుండేవాడు. అలాంటి ఆదివారం వచ్చి ఉంటే ఆయన మనసు కుదుటపడేది.

నా పేరు పాండు. బాప్తిస్మంలో ఫిలిప్పు అని పెట్టారు. ఆ పేరుతో నన్ను పిలిచింది దొర ఒక్కడే, అది కూడా నీళ్లలో ముంచేముందు ఒక్కసారి. పైకి లేచేసరికి మళ్లీ పాండునే.

మా పల్లె సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ పోయే బాటలో ఉంది. 1948 ఎండాకాలంలో రజాకార్ల గొడవ ముదిరి ఊళ్లకు ఊళ్లు కోదాడ మీదుగా సరిహద్దు దాటి పోయాయి. మేమూ పోయాం. మా మరియమ్మ పెద్దమ్మ తల్లిలేని మనవరాలిని చంకనేసుకుని బండెక్కుతూ, తన బర్రె పలుపు నా చేతికిచ్చింది. ఆ రెండేళ్ల పిల్ల ఆ బర్రె పాల మీదే బతుకుతోంది. భిక్షపతి మామకు అప్పజెప్పి, మేమొచ్చేదాకా చూడమని చెప్పి రమ్మంది.

భిక్షపతి మామ మా సంఘ పెద్ద. వరసకు పెద్దమ్మకు తమ్ముడు. పల్లెంతా కదిలినా ఆయన కదల్లేదు. విశ్వాసం వల్ల కదల్లేదని తరువాత ఆయన చెప్పుకున్నాడు. అరికాలిలో కురుపు లేవడం వల్ల కదల్లేదని మిగతావాళ్లు చెప్పుకున్నారు. నేను పలుపు ఆయన చేతిలో పెట్టి, పెద్దమ్మ మాట అప్పజెప్పి, పరుగున పోయి బండిని అందుకున్నాను. అక్కడ చూసినవాళ్లు ఎవరూ లేరు, బర్రె తప్ప.

పోలీసు చర్య అయ్యాక దసరా నాటికి తిరిగి వచ్చాం. పెద్దమ్మ తన గుడిసె మీద కప్పు ఉందో లేదో కూడా చూసుకోకుండా నేరుగా మామ కొట్టం కాడికి పోయింది. బర్రె ఉంది. మామ కూడా ఉన్నాడు. తనకు ఎవరూ ఏమీ అప్పగించలేదన్నాడు. చేలల్లో దిక్కులేక తిరుగుతుంటే తోలుకొచ్చానన్నాడు.

“అయిదు నెలలు గడ్డేసి సాకినక్కా. సాకినోనిదే బర్రె,” అని తేల్చేశాడు.

పంచాయితీ ఉపదేశి మోషే అయ్యగారి దగ్గరకు వచ్చింది. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే మాట స్థిరపడుతుందని వాక్యం చెబుతోందన్నారు అయ్యగారు. ఉన్న సాక్షిని నేనొక్కణ్ణే. అదీ నేనే కావడంతో సగం సాక్షి అని లెక్కగట్టారు.

ఆ లెక్కలో అన్యాయమేమీ లేదు. అంతకు ముందు చలికాలంలో నేను ప్రార్థన ఇంటి పైకెక్కి, రజాకార్లు వస్తున్నారని కేకేశాను. పల్లెంతా పొద్దుగూకేదాకా జొన్నచేలో పడుకుంది. వచ్చింది సూర్యాపేట బస్సు. దాని ఇంజను వేడెక్కి పొగ కక్కుతుంటే దూరం నుంచి నిజంగానే భయంకరంగా ఉంది. ఆనాటి నుంచి నేను సూర్యుడు తూర్పున పొడిచాడని చెప్పినా, జనం ఒకసారి పడమరకు చూసి వచ్చేవారు.

కనుక బర్రె మామ దగ్గరే ఉండిపోయింది. పిల్ల గంజి తాగింది. పెద్దమ్మ ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. రోజూ పొద్దున్నే మామ ఇంటి ముందు నుంచి నీళ్లకు పోయేది, కొట్టంలో బర్రె ఆమె అడుగుల చప్పుడుకు అరిచేది. అంతే. నేను రోజూ అది వింటూ, నా నోటి మాటకు విలువ లేకపోయె, ఇంకెవరి నోటితో చెప్పించాలా అని ఆలోచించేవాణ్ణి. చివరికి ఆ నోరు దేవుడిదే అయింది. ఆయనను అడిగి మాత్రం చేయలేదు.

సంగతి ఏమిటంటే, 1949 జనవరిలో మిషన్ దొరసాని మా సంఘానికి ఒక కొత్త పద్ధతి చెప్పి పంపింది. అరవై వాక్యాల జాబితా ఒకటి ఇచ్చి, ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద రాసి, చుట్టి బుట్టలో వేయమంది. ప్రతి ఆదివారం ఇంటికొకరు ఒక చీటీ తీయాలి. దాన్ని అందరి ముందు చదవాలి. వచ్చిన వాక్యం ప్రకారం ఏడు రోజులు నడిచి, పై ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. వాక్యం పక్కింటికి పోకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి అనుకుంది కాబోలు.

చీటీలు ఎవరు రాయాలి, ఎవరు చదవాలి అన్న దగ్గర చిక్కొచ్చింది. అయ్యగారు కోదాడ నుంచి తిరిగొచ్చే బండిలో తన కళ్లజోడు మీద తానే కూర్చున్నారు. అది సూర్యాపేటలో బాగుకిచ్చి మూడు నెలలైంది. ఆయన భార్య జానమ్మ గారు మిషన్ బోర్డింగులో ఏడు తరగతులు చదివింది. సభలో ఆడమనిషి చదివితే బాగుండదని మగవాళ్లంతా చెప్పారు. నేను నాలుగు తరగతులు చదివాను, అందులో రెండు ఫెయిలయ్యాను. మగవాణ్ణి గనక ఆ పని నాకిచ్చారు.

జాబితాలో మొదటి పది వాక్యాలు శ్రద్ధగా రాశాను. పదకొండోదానికి వేలు నొప్పి పుట్టింది. జాబితా అంతా వెతికితే అన్నిటికంటే పొట్టి వాక్యం ‘భయపడకుము’ అన్నది దొరికింది. మిగతా యాభై చీటీల మీద అదే రాశాను. అరవై చుట్టలు అరవై చుట్టల్లాగే కనబడ్డాయి.

ఇక చదవడం. ఇంటింటికీ భయపడకుము, భయపడకుము అని చదివితే జనానికి విసుగొస్తుంది. అందుకని చీటీ విప్పి, దాని వైపు భక్తిగా చూసి, అయ్యగారి ప్రసంగాల్లో విన్నవాటిలోంచి ఎవరికి ఏది సరిపోతే అది చెప్పడం మొదలుపెట్టాను. ప్రార్థనలో గురకపెట్టే ఆయనకు మెలకువగా ఉండమని వచ్చింది. ఎనిమిదిళ్ల అవతలికి వినబడేలా తిట్టే ఆమెకు నాలుక నిప్పుతో సమానమని వచ్చింది. దేవుడు మన పల్లెను ఇంత దగ్గర నుంచి చూస్తున్నాడా అని జనం వణికిపోయారు.

భిక్షపతి మామ పెద్ద గనక చీటీ మొదట ఆయనే తీసేవాడు. మొదటి ఆదివారం ఆయన చీటీ విప్పి, గొంతు సవరించుకుని, రెండు అంగీలున్నవాడు ఏమీ లేనివాడికి ఒకటి ఇవ్వాలని చదివాను. కొట్టంలో రెండు బర్రెలున్నవాడికి అంతకంటే విడమరచి ఎట్లా చెప్పాలి? మామ కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. పెద్దమ్మ తలొంచుకుని కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్లో చలికి ముడుచుకుంది.

వారం తిరిగేసరికి మామ లేచి సాక్ష్యం చెప్పాడు. అది ఒక కుండ అన్నం ఉడికేంతసేపు సాగింది. తన రెండు అంగీల్లో ఒకటి, మోచేతి దగ్గర చిరిగినది, మరియమ్మకు ఇచ్చానని, ఇచ్చేటప్పుడు సాతాను చేయి పట్టి లాగాడని, అయినా విడిపించుకుని ఇచ్చానని చెప్పాడు. అరవై ఏళ్ల ముసలమ్మ మగవాళ్ల అంగీ ఏం చేసుకుంటుందని ఎవరూ అడగలేదు. పెద్దమ్మ దాని చిరుగు కుట్టి, ఉతికి, పిల్లకు తొడిగింది. మడమలదాకా వచ్చింది. ఆ చలిలో అది మంచి పనే అయిందని నేనూ ఒప్పుకోవాలి.

రెండో ఆదివారం మామకు తప్పిపోయిన గొర్రె కథ చదివాను. తొంభై తొమ్మిదింటిని వదిలి, పోయిన ఒక్కదాన్ని వెతికి పట్టుకుని, ఇరుగుపొరుగును పిలిచి సంతోషించిన మనిషి కథ. పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం ఆయనకు తగలకపోతుందా అనుకున్నాను. ఆయనకు తగిలింది దొరికించుకున్నవాడి సంతోషం. మర్నాడు పల్లెంతటినీ పిలిచి, దిక్కులేక తిరిగే బర్రె తనకు దొరికినందుకు అందరికీ ముంతెడేసి మజ్జిగ పోశాడు. పెద్దమ్మకూ పంపాడు. ఆమె తన బర్రె మజ్జిగ తానే తాగి, ముంత కడిగి పంపింది.

మూడో ఆదివారం మొహమాటం వదిలేశాను. సుంకం వసూలు చేసే పొట్టి జక్కయ్య ప్రభువు పిలుపుకు చెట్టు దిగి, ఎవరి సొమ్మయినా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్న సంగతి మొత్తం చదివాను. మామ వారమంతా తన బతుకును సోదా చేసుకున్నాడట. ఆఖరికి ఒకటి దొరికిందట. ఆనాడెప్పుడో పెంట ఎత్తుతుంటే మరియమ్మ వాకిట్లోది ఒక గంప పొరపాటున తన గంపలోకి వచ్చిందట. అందుకని నాలుగు గంపల పేడ తెచ్చి ఆమె గుమ్మం ముందు కుమ్మరించాడు. అది ఆమె బర్రె పేడే.

ఈ మూడు సంగతులూ చుట్టుపక్కల సంఘాలకు పాకాయి. ఫిబ్రవరిలో మిర్యాలగూడలో జరిగే పెద్ద సభల్లో, వాక్యాన్ని బతుకులో పెట్టినవాడు అని భిక్షపతి మామను లేపి నిలబెట్టాలని మిషన్ దొర కబురు పంపాడు. వాక్యంతో మామను వంచుదామనుకున్నాను. రెండు వారాలు పోతే ఆయనకు విగ్రహం పెట్టేలా ఉన్నారు. సభల్లో ఆ సాక్ష్యం అయిపోతే, ఇక పెద్దమ్మ బర్రె ఊసెత్తినా పాపమే.

నాలుగో ఆదివారం అయ్యగారు కళ్లజోడు పెట్టుకుని వచ్చారు.

దాని సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. బుట్ట పట్టుకుని నిలబడ్డ నన్ను ఆ అద్దాల్లోంచి చూసి, ఇన్నాళ్లు కష్టపడ్డావు, ఇక చదవడం నేను చూసుకుంటానన్నారు. మామ చీటీ తీశాడు. అయ్యగారు విప్పి చదివారు.

“భయపడకుము.”

మామ తలాడించాడు. తరువాతి చీటీ విప్పారు. భయపడకుము. ఆ తరువాతిదీ అదే. ఏడో చీటీ దగ్గర అయ్యగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. జనం మాత్రం మెత్తబడ్డారు. పోయిన ఏడు పడ్డ పాట్లకు దేవుడు అందరికీ ఒకటే మాట చెబుతున్నాడని ఒక ముసలాయన కళ్లొత్తుకున్నాడు. జానమ్మ గారు మాత్రం కళ్లొత్తుకోకుండా నా వైపే చూస్తోంది.

మా ఇంటి తరఫున నేను తీయాలి. చేతికి తగిలింది తీసిచ్చాను. అరవైలో యాభై ఉండగా నా చేతికి అది మాత్రం రాలేదు. మొదట్లో శ్రద్ధగా రాసిన పదింటిలో ఒకటి వచ్చింది. అయ్యగారు చదివారు. నీ పొరుగువానితో సత్యమే మాట్లాడు అని ఉంది, నా దస్తూరీతోనే. సభలో నవ్వు పుట్టింది. గురకపెట్టే ఆయన కూడా లేచి నవ్వాడు.

అప్పుడు భిక్షపతి మామ రొంటిలోంచి తంబాకు డబ్బీ తీశాడు. పాత చీటీలు మూడూ అందులో భద్రంగా దాచుకున్నాడు. మిర్యాలగూడ సభల్లో చూడకుండా చెప్పాలి గనక, వాటిని అయ్యగారు మరొక్కసారి చదివి వినిపించాలన్నాడు. అయ్యగారు చేయి చాపారు.

చదివాక ఎట్లాగూ బయటపడేదే. చదవకముందే నేను లేచాను. నాలో పుట్టిన సత్యం వల్ల లేచానో, పారిపోదామని లేచి వాకిలి దూరంగా ఉందని ఆగానో ఇప్పటికీ తెలియదు.

“అయ్యగారూ, గా మూడిట్ల గూడ భయపడకుమనే ఉంటది. యాభై చీట్లు నేను గదొక్కటే రాసిన. ఇన్నాళ్లు సదివింది చీటీల ఉన్నది గాదు. నా నోటికొచ్చింది.”

అయ్యగారు మూడు చీటీలూ విప్పారు. మూడుసార్లూ ఆయన పెదవులు ఒక్కలాగే కదిలాయి.

ఎందుకు చేశావని అడిగారు. చెప్పాను. పలుపు నేను మామ చేతిలో పెట్టిన సంగతి, పెద్దమ్మ మాట అప్పజెప్పిన సంగతి, దసరా నాడు చెప్పిందే మళ్లీ చెప్పాను. అంగీ అంటే బర్రె, గొర్రె అంటే బర్రె, జక్కయ్య అంటే మామ అని విడమరచాను. ఒక ప్రసంగం చెప్పి, దాని అర్థం తరువాత చెప్పాల్సి రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మామ ముఖం కందిపోయింది. బర్రె మాట ఆయన చెవిన పడ్డట్టే లేదు. ఆయనకు గుర్తొచ్చింది వేరే.

“అయితే దేవుడు ఇయ్యిమంటే ఇచ్చిన అంగీ గాదది. ఈ లఫంగిగాడు ఇయ్యిమంటే ఇచ్చిన. అంగీ నాది, నాకు రావాలె.”

పిల్ల ఆ అంగీలోనే కూర్చుని ఉంది, చేతులు మోచేతులదాకా మడిచి. పెద్దమ్మ దాన్ని దగ్గరకు తీసుకుంది.

“నెల కావస్తుండె గద తమ్మీ. చిరుగు కుట్టిన, ఉతికిన, పొల్లకు అలవాటైంది.”

“ఉతికినంత మాత్రాన నీదైతదా అక్కా? ఎవని చేతిల ఉన్నా, ఎన్ని దినాలు ఉన్నా, ఎవని వస్తువు వానికే పోవాలె. ఇందుల అన్యాయం ఏముంది, ఎవర్నడిగినా చెప్తరు.”

ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. జానమ్మ గారి పెదవి మీద ఏదో కదిలింది. మామకు మాత్రం తానేమన్నాడో ఇంకా అందలేదు.

పెద్దమ్మ పిల్ల చేతులు మెల్లగా పైకెత్తి అంగీ విప్పింది. తన కొంగు పిల్లకు చుట్టింది. అంగీని ఒళ్లో పెట్టుకుని, చేతులు లోపలికి మడిచి, మడత మీద అరచేత్తో రెండుసార్లు రాసి, తీసుకుపోయి మామ ముందు పెట్టింది.

“నీది నీకొచ్చింది తమ్మీ. ఉతికినంత మాత్రాన నాది కాకపాయె. గడ్డేసినంత మాత్రాన నీదైతదా?”

మామ పాండుగాడి మాట మీద పంచాయితీ చేస్తారా అన్నాడు.

అయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. “అబద్ధమాడేటోడు తన బాగుకు ఆడుతడు పెద్దా. వీడు ఇయ్యాల లేచి తన పరువు తానే తీసుకున్నడు. గీ ఒక్క పూటకు వీణ్ణి నిండు సాక్షి కిందనే కడత. రెండో సాక్ష్యం నువ్వే చెప్పినవ్, ఇంతమందిల.”

మామ అంగీని తీసి పెద్దమ్మ వైపు జరిపాడు. ఆమె తీసుకోలేదు. అయ్యగారు తిరిగిచ్చిన మూడు చీటీలు, భయపడకుము అనేవి, చేతిలో పట్టుకుని ఆయన నిలబడ్డాడు. వాటిని సరైన మనిషికి సరైన వేళకే రాశానని నాకు మొదటిసారి అనిపించింది.

మధ్యాహ్నానికి బర్రె వచ్చింది. మామ తానే తోలుకొచ్చాడు. అంగీ బర్రె వీపు మీద వేసి ఉంది. ఆయన దాన్ని చూడనట్టు పోయాడు, పెద్దమ్మ చూడనట్టు తీసుకుంది.

అయితే బర్రెకు ఎవరూ వాక్యం చెప్పలేదు. దానికి ఎనిమిది నెలల అలవాటు. మర్నాడు మేత నుంచి వస్తూ నేరుగా మామ కొట్టంలోకి పోయి నిలబడింది. ఆ మర్నాడూ అంతే. మామకు అది దేవుడి తీర్పులాగే తోచింది గాని, పైకి చెప్పడానికి మనిషి దొరకలేదు.

ఆ పై ఆదివారానికి చీటీలన్నీ కొత్తగా రాశారు. రాసింది, చదివింది జానమ్మ గారే. ఈసారి మగవాళ్లెవరూ బాగుండదనలేదు. ఏడు తరగతుల ఆడమనిషి కంటే నాలుగు తరగతుల మగవాడు ఎంత చేటో చూశారు గద. మొదటి చీటీ మామదే. నీ పగవాడి ఎద్దయినా సరే, దారి తప్పి నీకు కనబడితే దాన్ని తప్పక తోలుకుపోయి వాడికి అప్పగించాలని వచ్చింది.

జనమంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

నేను రాయలేదు, చదవలేదు, బుట్ట ముట్టుకోలేదు. నా సత్యం వారం ఆ ప్రార్థన అయ్యేదాకా ఉంది గనక, నిల్చుని అదే చెప్పాను. నా బతుకులో అంత శుద్ధమైన నిజం నేనెన్నడూ చెప్పలేదు. ఒక్కడూ నమ్మలేదు. జానమ్మ గారు పైకప్పు వైపు చూసింది.

వారమంతా పొద్దుగూకేవేళ భిక్షపతి మామ బర్రెను పలుపు పట్టి పెద్దమ్మ వాకిట్లోకి తెచ్చి కట్టేసి పోయాడు. ఏడు రోజులు, ఏడు సార్లు. పెద్దమ్మ ప్రతిసారీ ముంతెడు మజ్జిగ ఇచ్చింది. మొదటి మూడు రోజులు తాగలేదు. నాలుగో రోజు ఎండ ఎక్కువగా ఉందని తాగాడు.

ఫిబ్రవరిలో మిర్యాలగూడ సభలకు మేమంతా పోయాం. మిషన్ దొర ఇచ్చిన మాట ప్రకారం మామను లేపాడు. మామ ఒక్క అంగీతోనే వెళ్లాడు, అది చూపించి మొదలుపెట్టాడు. తప్పిపోయిన పశువు ఒకటి తన కొట్టంలోకి వస్తే, దాన్ని సొంతదారుకు ఒకసారి కాదు, ఏడుసార్లు తోలుకుపోయి అప్పగించానని, సాతాను ప్రతిసారీ పలుపు పట్టి వెనక్కి లాగాడని, అయినా తాను వదల్లేదని చెప్పాడు. మొత్తం మీద ఒక్క అబద్ధమూ లేదు. పందిరి కింద వెయ్యిమంది కళ్లొత్తుకున్నారు. దొర తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మా పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒళ్లో పిల్ల, మడమలదాకా అంగీ తొడుక్కుని నిద్రపోతోంది.

అంతా అయ్యాక మా పల్లెవాళ్లందరితో పాటు మామ నా వైపు చూశాడు. నా సత్యం వారం అప్పటికి అయిపోయింది గనక, నేను కూడా గట్టిగా ఆమెన్ అన్నాను.